సిగ్నల్ లేని అడవిలో ఫోను పటం: పునరుద్ధరణ పనికి ఏ యాప్ వాడాలి?

వాగువార

అందరికీ నమస్కారం. ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి కొసన, నల్లమల అంచులో ఒక వన సంరక్షణ సమితితో కలిసి మా చిన్న జట్టు పనిచేస్తోంది. చోటు కొండవాలు, సుమారు 40 హెక్టార్లు. చిరుమాను, నల్లమద్ది, ఏగిస, తునికి కలిసి పెరిగిన ఆకురాల్చే అడవి ఒకప్పుడు. వంటచెరకు, మేపు, ఏటేటా వచ్చే అగ్గి కలిసి సగానికి సగం పలచన చేశాయి. పలచబడ్డ చోటల్లా పులికంప, అదే లాంటానా, అల్లుకుపోయింది. అటవీశాఖ అనుమతి తీసుకున్నాం. వానలకు ముందు పులికంప తీయాలి, మోళ్ళ నుంచి లేచే పిలకలను కాపాడాలి, బొత్తిగా ఏమీ లేని చోట మాత్రం మొక్కలు నాటాలి.

ఇప్పటిదాకా వివరాలన్నీ నోటుపుస్తకంలోనే ఉన్నాయి. “పెద్దబండ దాటాక ఎడమ చేతి వైపు” అని కిందటేడు రాసినాయన ఈ ఏడు పనిలో లేరు. ఆ బండ ఏదో మాలో ఎవరికీ తెలియదు. అందుకని ఫోనులో పటం పెట్టుకుందామనుకుంటున్నాం. కొండ ఎక్కితే సిగ్నల్ ఉండదు. ఉన్నవి మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లు. జట్టులో ఎక్కువమంది తెలుగే చదువుతారు. పైగా నిధులిచ్చేవారు నాటిన ప్రతి మొక్కకూ జియోట్యాగ్ ఫొటో, అంటే తీసిన చోటు అక్షాంశ రేఖాంశాలతో కూడిన ఫొటో కావాలంటున్నారు. ఏ యాప్ మంచిది?

కాలినడక

ఇంత ఆలోచన ఎందుకండీ? గూగుల్ మ్యాప్స్‌లో ఆ ప్రాంతాన్ని ముందే దింపుకోండి, కావలసిన చోట గుర్తు పెట్టుకోండి. అందరికీ అలవాటైన యాప్. నేర్పే పని కూడా ఉండదు.

పటాలపిచ్చి

గూగుల్ మ్యాప్స్ దారి చూపడానికి పుట్టింది. రోడ్డు ఆగిన చోట దాని ఉపయోగమూ ఆగుతుంది. గుర్తు పెట్టుకోవచ్చు సరే, ఆ గుర్తుకు చెట్టు జాతి, పిలకల సంఖ్య, పులికంప ఎంత దట్టంగా ఉంది అనే వివరాలు వరసగా ఎలా చేరుస్తారు? ఏడాది తర్వాత “పిలకలు అయిదుకు మించి ఉన్న చోట్లన్నీ చూపించు” అంటే ఎలా చూపిస్తుంది?

నా మాట క్యూఫీల్డ్. కంప్యూటర్‌లో పటాలు తయారు చేసే క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్‌కు అది చేతిలో ఇమిడే తోడు. రెండూ ఉచితం. కంప్యూటర్‌లో ఒకరు కూర్చుని ప్రాజెక్టు తయారు చేస్తే చాలు: కింద ఉపగ్రహ చిత్రం, దాని మీద మీ సరిహద్దు, ఆ పైన మీరు నింపవలసిన పొరలు, ఒక్కో రకం వివరానికి ఒక్కో పొర. దాన్ని ఫోన్లలోకి పంపితే నెట్ లేకుండానే పనిచేస్తుంది. ఎంపికల జాబితాలు తెలుగులో పెట్టవచ్చు. తెర మీద “నల్లమద్ది” అని కనిపిస్తుంది, ఫైలులో మీరిచ్చిన కోడ్ నమోదవుతుంది. అక్షరదోషాల గొడవ ఉండదు.

ప్రాజెక్టు మొదలుపెట్టేటప్పుడే కొలతల పద్ధతి యూటీఎం జోన్ 44 ఉత్తరానికి మార్చుకోండి, కోడ్ 32644. యూటీఎం అంటే భూమిని నిలువు పట్టీలుగా, అంటే జోన్లుగా, విడదీసి కొలిచే పద్ధతి. అప్పుడు దూరాలు, వైశాల్యాలు మీటర్లలో వస్తాయి.

సీమతుమ్మ

ఒక చిన్న సవరణ, ఇది చదివి మా వాళ్ళెవరైనా అదే కోడ్ కొట్టేస్తారేమోనని. జోన్ 44 తూర్పు రేఖాంశం 78 డిగ్రీల దగ్గర మొదలవుతుంది. ఆ గీత కర్నూలుకు కొద్దిగా పడమరగా పోతుంది. ఆదోని, అనంతపురం దానికి అవతల జోన్ 43లో ఉన్నాయి, అక్కడ 32643 వాడాలి. అటు చివర ఇచ్ఛాపురం 84 డిగ్రీలు దాటి జోన్ 45లోకి పోతుంది. ఆంధ్రప్రదేశ్ ఒక్కటే మూడు జోన్లలో కాళ్ళు చాపుకుని పడుకుంది.

వాగువార గారి చోటు మాత్రం 44లోనే.

అరకు_చలి

పటాలపిచ్చి గారు చెప్పినది బాగానే ఉంది, కానీ “ఒకరు కూర్చుని ప్రాజెక్టు తయారు చేస్తే చాలు” అన్న దగ్గరే చాలా జట్లు ఆగిపోతాయి. ఆ ఒక్కరు ఉద్యోగం మారితే ప్రాజెక్టును ముట్టుకునేవారే ఉండరు. మన్యంలో మేము ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ వాడుతున్నాం. నేపాల్ వాళ్ళు చేసిన యాప్. కంప్యూటర్ లేకుండా ఫోనులోనే పొరలు, వాటి వివరాల పట్టిక తయారు చేసుకోవచ్చు. నడుస్తూ గీత గీయవచ్చు, చుట్టూ తిరిగి వైశాల్యం తీయవచ్చు, ఫొటో చేర్చవచ్చు. సాయంత్రం కిందికి దిగాక కేఎంఎల్, షేప్‌ఫైల్ లాంటి పటం ఫైలుగా బయటికి తీసుకోవచ్చు.

క్యూఫీల్డ్ కంటే తక్కువ చేస్తుంది. మాకు ఆ తక్కువే సరిపోయింది.

రేంజి_పాతకాపు

ఈ చర్చలో ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది. సరిహద్దు ఎక్కడి నుంచి తెచ్చారు?

నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో చేతిలో గొలుసు, ప్రిస్మాటిక్ కంపాస్ ఉండేవి. ఇప్పుడు ప్రతివారూ ఇంటర్నెట్‌లో దొరికిన కేఎంఎల్ ఫైలు వేసుకుని “ఇదే రిజర్వు ఫారెస్టు గీత” అంటున్నారు. గూగుల్ పటంలో ఆకుపచ్చ రంగు ఎక్కడ ఆగిందో అక్కడ అడవి ఆగదు. అసలు సరిహద్దు 1967 అటవీ చట్టం కిందనో, అంతకు ముందరి చట్టాల కిందనో వచ్చిన నోటిఫికేషన్‌లో ఉంటుంది. నేల మీద కైరన్లుగా, అంటే పేర్చిన రాళ్ళ గుట్టలుగా ఉంటుంది. రేంజి ఆఫీసులో అడిగి గీత తీసుకోండి. బీట్ (అటవీశాఖ కాపలా ప్రాంతం) ఆఫీసరును వెంటబెట్టుకుని కైరన్ల మీదుగా ఒకసారి నడవండి. ప్రతి కైరన్ దగ్గర ఒక బిందువు పెట్టండి. ఫోనుతో చేయవలసిన మొదటి పని అది. దాన్ని మీ పనికి గుర్తుగా మాత్రమే ఉంచుకోండి. తగాదా వస్తే ఫోను గీత ఎక్కడా నిలవదు, డీజీపీఎస్ అనే కచ్చితమైన పరికరంతో చేసిన సర్వే కావాలి.

ఇంకొకటి. సర్వే ఆఫ్ ఇండియా వారి పాత టోపో షీటును, అంటే కొండలూ వాగులూ చూపే అచ్చు పటాన్ని, స్కాన్ చేసి ఫోను పటం కింద పరిచేవారుంటారు. భూమి ఆకారాన్ని లెక్కగట్టడంలో పాత షీట్లు ఎవరెస్ట్ అనే పాత కొలమానంలో ఉంటాయి, ఫోను డబ్ల్యూజీఎస్ 84 అనే కొత్త కొలమానంలో చెబుతుంది. సరిగా మార్చకుండా వేస్తే వాగు వంద మీటర్లకు మించి పక్కకు జరుగుతుంది. కొత్త ఓపెన్ సిరీస్ షీట్లు డబ్ల్యూజీఎస్ 84లోనే ఉన్నాయి, ఉచితంగా దొరుకుతున్నాయి. అవి వాడండి.

వాగువార

రేంజర్ గారూ, మేము వేసుకున్నది ఇంటర్నెట్‌లో దొరికిన గీతే. రేపే ఆఫీసుకు వెళ్ళి అడుగుతాం.

ప్రతి మొక్కకూ జియోట్యాగ్ సంగతి ఎవరైనా చెప్పండి. అదే మమ్మల్ని ఎక్కువగా వేధిస్తోంది.

మోదుగ

దాని గురించి నేను చెబుతాను. కాస్త పొడవవుతుంది.

మొక్కలు ఎంత దూరంలో నాటుతున్నారు? మూడు మీటర్లకు ఒకటి అనుకుందాం. హెక్టారుకు 1,111 మొక్కలు. మామూలు ఫోను జీపీఎస్ ఆకాశం బాగా కనిపించే మైదానంలో సుమారు అయిదు మీటర్ల తేడాతో చోటు చెబుతుంది. చెట్ల కింద, కొండవాలులో, లోయలో ఆ తేడా పదికీ పదిహేనుకూ పోవడం మామూలే, ఎందుకంటే ఉపగ్రహ సంకేతాలు ఆకుల్లో బలహీనపడతాయి, బండలకు తగిలి మళ్ళుతాయి. మొక్కకూ మొక్కకూ మధ్య మూడు మీటర్లు, చోటు చెప్పడంలో తేడా అయిదు మీటర్లు. వచ్చే ఏడు ఆ బిందువు దగ్గరికి వెళ్ళి నిలబడితే మీ చుట్టూ ఏడెనిమిది మొక్కలుంటాయి. అందులో ఏది మీరు ఫొటో తీసినదో ఎవరు చెప్పగలరు? చచ్చినది ఏదో బతికినది ఏదో ఎలా తేలుస్తారు?

అంటే ప్రతి మొక్కకూ జియోట్యాగ్ అనేది మొక్కను గుర్తించదు. “ఈ మనిషి ఈ రోజు సుమారు ఇక్కడ ఉన్నాడు” అని మాత్రమే చెబుతుంది. దానికి వేల ఫొటోలు అక్కర్లేదు.

ఫొటో మీద అక్షాంశ రేఖాంశాలు ముద్రించే యాప్‌ల మీద కూడా నాకు నమ్మకం తక్కువ. ఆ అంకెలు బొమ్మలో రంగు చుక్కలు మాత్రమే. ఆండ్రాయిడ్‌లో ఫోనుకు తప్పుడు చోటు చెప్పించడం ఎంత సులువో కుర్రవాళ్ళను అడగండి. ఇక వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకైతే లోపల దాగి ఉండే చోటు వివరం కూడా పోతుంది. పంపవలసి వస్తే డాక్యుమెంటుగా పంపండి.

కాలినడక

లెక్క బాగానే ఉంది కానీ డబ్బిచ్చేవారికి లెక్చరు ఇస్తే డబ్బు వస్తుందా? వాళ్ళు అడిగినది ఇవ్వకపోతే రెండో విడత ఆపేస్తారు. పునరుద్ధరణ ఎవరి జేబులోంచి చేస్తారు?

పటాలపిచ్చి

మోదుగ గారు ఫోన్లను మరీ తక్కువ చేస్తున్నారు. ఉపగ్రహాలు పంపే ఎల్1, ఎల్5 అనే రెండు పౌనఃపున్యాల సంకేతాలనూ పట్టే ఫోన్లు 2018 నుంచి వస్తున్నాయి, ఇప్పుడు మధ్యతరగతి ధరలకే దొరుకుతున్నాయి. మన నావిక్ ఉపగ్రహాలను కూడా కొన్ని వాడుకుంటాయి. క్యూఫీల్డ్‌లో సగటు తీసే సదుపాయం ఉంది: ఒకే చోట నిలబడి అనేక రీడింగులు తీసుకుని సగటు బిందువు పెడుతుంది. తేడా బాగా తగ్గుతుంది.

మోదుగ

మైదానంలో తగ్గుతుంది, ఒప్పుకుంటాను. చెట్ల కింద వచ్చే తేడా అటూ ఇటూ సమంగా చెదిరేది కాదు. బండ నుంచి మళ్ళిన సంకేతం రీడింగును ఒకే పక్కకు లాగుతూ ఉంటుంది. ఒకే పక్కకు జరిగిన వంద రీడింగుల సగటు కూడా ఆ పక్కకే జరిగి ఉంటుంది. పైగా ప్రతి మొక్క దగ్గరా ఒక నిమిషం నిలబడితే హెక్టారుకు ఎన్ని గంటలో లెక్కపెట్టండి. ఆ కూలి డబ్బుతో పులికంప తీయించవచ్చు.

కాలినడక గారి ప్రశ్న న్యాయమైనది. మేము ఇచ్చినది ఇది, దాన్ని వాళ్ళు ఒప్పుకున్నారు కూడా. నాటిన ప్రతి తునకకూ చుట్టుకొలత గీత, దాని లోపల పది మీటర్ల చదరపు గళ్ళు కొన్ని. మూడు మీటర్ల దూరంలో నాటితే ఒక్కో గడిలో సుమారు 11 మొక్కలు వస్తాయి. ముప్పై గళ్ళు పెడితే 330 దాకా మొక్కలు. వాటిలో ఎన్ని బతికాయో లెక్కిస్తే మొత్తం మీద ఎంత శాతం బతికిందో అయిదారు శాతం అటూ ఇటూగా చెప్పవచ్చు. మొక్కలు ఒంటరిగా కాక గుంపులుగా చస్తాయి కాబట్టి ఆ తేడా ఇంకొంచెం పెరుగుతుంది. అయినా “నాటినవి ఇన్ని వేలు” అన్న అంకె కంటే ఎంతో ఉపయోగం. గడిలోని మొక్కలకు మాత్రం అల్యూమినియం రేకు బిళ్ళ కట్టి అంకె గుచ్చండి. మొక్కను గుర్తుపట్టేది ఆ బిళ్ళే. గడి దగ్గరికి చేర్చేది ఫోను.

గడి నాలుగు మూలలూ ఫోనుతో పెట్టవద్దు. అయిదు మీటర్ల తేడాతో పది మీటర్ల గడి గీస్తే అది గడిలా ఉండదు. ఒక్క మూలకు బిందువు పెట్టి, అక్కడ రాయి పాతి, రంగు వేయండి. మిగతా మూలలు టేపుతో, కంపాస్‌తో. వాలు మీద టేపు నేలకు ఆనించకుండా అడ్డంగా, సమంగా పట్టుకోండి. 30 డిగ్రీల వాలులో నేల వెంట 20 మీటర్లు కొలిస్తే పటం మీద అది 17 మీటర్ల చిల్లరే.

రేంజి_పాతకాపు

బిళ్ళ కట్టేటప్పుడు తీగ బిగించవద్దు, కాండం లావైతే కోసుకుపోతుంది. మేకలు కాసే పిల్లలు బిళ్ళలు పీక్కుపోతారు, దానికి మాత్రం ఏ యాప్ లేదు. వాళ్ళనే పిలిచి లెక్కపెట్టించండి.

వాగువార

మోదుగ గారి రాత ప్రింటు తీసి గోడకు అంటించాం. నిధులిచ్చేవారికి గళ్ళ పద్ధతి గురించి ఉత్తరం రాశాం.

మొన్న కొండ మీద రెండు యాప్‌లూ ప్రయత్నించాం. ఒకే బండ మీద ఫోను పెట్టి ఉదయం ఒక బిందువు, మధ్యాహ్నం ఇంకొకటి తీశాం. రెండూ నాలుగు మొక్కల వరసల దూరంలో పడ్డాయి. మోదుగ గారి లెక్క కళ్ళతో చూసినట్టయింది. మా జట్టుకు ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ ఒక్క పూటలో చేతికి వచ్చింది. క్యూఫీల్డ్‌లో జాబితాలు బాగున్నాయి కానీ పొర మార్చడం దగ్గర తికమకపడ్డారు.

చిక్కులు కూడా వచ్చాయి. కొండ మీద యాప్ తెరిస్తే చోటు చూపడానికి చాలాసేపు పట్టింది. మధ్యాహ్నానికే ఫోన్లు చల్లబడ్డాయి. తెలుగు పేర్లతో తీసిన సీఎస్‌వీ (కామాలతో విడదీసిన పట్టిక) ఫైలును ఎక్సెల్‌లో తెరిస్తే అన్నీ పిచ్చి గుర్తులు.

పటాలపిచ్చి

మూడింటికీ మందుంది.

చోటు ఆలస్యం: ఊళ్ళో నెట్ ఉన్నప్పుడు ఫోను ఉపగ్రహాల జాడను నెట్ నుంచి తెచ్చుకుంటుంది. కొండ మీద అది లేక ఉపగ్రహం నుంచే నేరుగా వినాలి. ఒక్కో ఉపగ్రహం తన జాడను 30 సెకన్లకోసారి చెబుతుంది, చెట్ల కింద మధ్యలో తెగితే మళ్ళీ మొదటికి. బయలుదేరే ముందు ఊళ్ళోనే యాప్ తెరిచి చోటు స్థిరపడేదాకా ఆగండి. కొండ మీద మొదటి బిందువుకు ముందు ఖాళీ చోట కాసేపు నిలబడండి.

బ్యాటరీ: సిగ్నల్ లేని చోట ఫోను టవరు కోసం వెతుక్కుంటూ కరిగిపోతుంది. విమానం మోడ్‌లో పెట్టండి. జీపీఎస్ మామూలుగానే పనిచేస్తుంది. వెలుతురు తగ్గించండి, పవర్ బ్యాంకు జట్టుకు ఒకటి చాలు.

ఎక్సెల్: ఫైలును నేరుగా రెండుసార్లు నొక్కి తెరవవద్దు. డేటా మెనూలోంచి తెచ్చుకుంటూ అక్షరాల పద్ధతి దగ్గర యూటీఎఫ్-8 ఎంచుకోండి. లిబ్రే ఆఫీస్ అయితే తెరిచేటప్పుడే అడుగుతుంది.

మీరడగని నాలుగోది. ఆండ్రాయిడ్ 11 నుంచి ప్రతి యాప్ తన ఫైళ్ళను తన సొంత గదిలో దాచుకుంటుంది. “పనిచేయడం లేదు, తీసేసి మళ్ళీ వేద్దాం” అని ఎవరైనా యాప్‌ను తీసేస్తే ఆ గది కూడా పోతుంది, లోపలి వివరాలతో సహా. దిగిన రోజు సాయంత్రమే బయటికి తీసి కంప్యూటర్‌లో వేయండి. ఇది జట్టంతా కంఠతా పట్టవలసిన సంగతి.

సీమతుమ్మ

అయిదోది నేను చేరుస్తాను. ఫోనులోని అంకెలను చేత్తో రాసుకునేవారు డిగ్రీలు, నిమిషాలు కలిపేస్తారు. 15 డిగ్రీల 30 నిమిషాలను 15.30 అని రాస్తే అది 15 డిగ్రీల 18 నిమిషాలవుతుంది. తేడా 12 నిమిషాలు, అంటే నేల మీద 22 కిలోమీటర్లు. మా దగ్గర ఒక ఊటకుంట ఈ లెక్కన పక్క మండలంలో తేలింది, కాగితం మీద. అందరి ఫోన్లలో దశాంశ డిగ్రీలనే పెట్టించండి, ఆరు అంకెల వరకు.

మోదుగ

యాప్ గొడవ తేలింది కాబట్టి అసలు విషయానికి వస్తాను. పటంలో ఏమేం గుర్తిస్తున్నారు?

వాగువార గారి చోటులో ప్రధానమైన పని నాటడం కాదు, పులికంప తీయడం, పిలకలను కాపాడటం. పటం కూడా అలాగే ఉండాలి. చాలా జట్లు నాటిన మొక్కల పొర ఒక్కటే పెట్టుకుని, నేలలోంచి తనంతట తాను లేస్తున్న అడవిని లెక్కలోకే తీసుకోవు. నల్లమద్ది, చిరుమాను, తునికి, మోదుగ మోళ్ళ నుంచి, వేళ్ళ నుంచి చిగురిస్తాయి. ఆ వేరు ఇప్పటికే భూమిలో లోతుగా ఉంది, నర్సరీ సంచిలోంచి వచ్చిన మొక్కకు లేనిది అదే. గుంత తవ్వే ముందు పిలకలు ఎక్కడున్నాయో గుర్తించండి. పిలకలున్న చోట గుంత తవ్వితే రెండు విధాలా నష్టం.

పులికంపను చుక్కలుగా కాక తునకలుగా గీయండి. ప్రతి తునకకు నాలుగు వివరాలు చాలు: ఎంత దట్టం (పలచన, సగం, పూర్తి), కింద పిలకలు ఉన్నాయా, తీసిన నెల, మళ్ళీ మొలిచిందా. తీసే పద్ధతి మీకు తెలిసే ఉంటుంది: కొమ్మలు నరికితే రెట్టింపుగా వస్తుంది. నేలకు మూడు నుంచి అయిదు సెంటీమీటర్ల కింద ప్రధాన వేరును నరికి, పొదను పైకెత్తి తలకిందులుగా పడేయాలి, కొమ్మలు నేలకు తగిలి వేళ్ళు పోసుకోకుండా. ఢిల్లీ విశ్వవిద్యాలయ ఆచార్యులు సి.ఆర్. బాబు బృందం చెప్పిన పద్ధతి ఇది. కాయ పండకముందే తీయాలి. పిట్టలు ఆ పళ్ళు తిని పెద్ద చెట్ల మీద వాలి గింజలు రాలుస్తాయి కాబట్టి తీసిన తునకలోని పెద్ద చెట్లకు కూడా బిందువులు పెట్టండి. మరుసటి వానకు మొలకలు ఎక్కువగా ఆ చెట్ల కిందే కనిపిస్తాయి. కలుపు తీసే జట్టు కొండంతా తిరగకుండా నేరుగా అక్కడికి పోవచ్చు. ఫోను పటం కూలి ఖర్చు తగ్గించే చోటు ఇదే.

కాలినడక

ఇదంతా ఉపగ్రహ చిత్రంలోంచి ముందే తెలుసుకోలేమా? సెంటినెల్ చిత్రాలు ఉచితమే కదా.

మోదుగ

సెంటినెల్-2 చిత్రంలో ఒక్కో చుక్క నేల మీద పది మీటర్లు. పెద్ద తునకల ఆనవాలు దొరుకుతుంది. జనవరి, ఫిబ్రవరిలో మన చెట్లు ఆకు రాలుస్తున్నప్పుడు ఇంకా పచ్చగా మిగిలిన చోట్లను గుర్తించి, అవి పులికంప కావచ్చని అనుకుని వెళ్ళి చూడవచ్చు. వాగు ఒడ్డున నేరేడు, కానుగ కూడా అప్పుడు పచ్చగానే ఉంటాయి. రాళ్ళ వాలులో పులికంపే ఎండిపోతుంది. అందుకని అది వెళ్ళవలసిన చోట్ల జాబితా మాత్రమే.

తిరకాసు మరోటుంది. పచ్చదనం పెరిగిందని అంకె చూపించి పునరుద్ధరణ జరిగిందంటారు కొందరు. పులికంప పెరిగినా ఆ అంకె పెరుగుతుంది. తీసిన ఏడు తగ్గుతుంది కూడా! బాగా పనిచేసిన జట్టు ఆ లెక్కలో ఓడిపోతుంది.

రేంజి_పాతకాపు

ఈ రాతకు నా చప్పట్లు.

అగ్గి గురించి కూడా ఒక పొర పెట్టండి. ఫిబ్రవరి నుంచి మే వరకు ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా వారి హెచ్చరికలు ఫోనుకు వస్తాయి, పేరు నమోదు చేసుకుంటే చాలు. ఆ బిందువు దగ్గరికే పరిగెత్తి “ఇక్కడేం లేదే” అని తిరిగొచ్చేవారిని చూశాను. ఉపగ్రహం మీద నుంచి మంటలను పట్టే వీఐఐఆర్ఎస్ పరికరానికి ఒక్కో చుక్క 375 మీటర్లు. బిందువు ఆ చుక్క నడుమ పడుతుంది, మంట దాని అంచున ఉండవచ్చు. వాలు పైభాగం నుంచి చూసి దిగండి. ఇప్పపూల కాలంలో చెట్టు కింద ఊడ్చినట్టుగా ఉండాలని ఆకు తగలబెడతారు, అక్కడి నుంచి పాకుతుంది. ఇప్పచెట్లు ఎక్కడున్నాయో గుర్తించి, పూలు రాలకముందే ఊరివాళ్ళతో కలిసి వాటి కింద ఆకు ఊడ్పించండి.

అరకు_చలి

ఇప్పచెట్లు గుర్తించమన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. ఇప్పచెట్టుకు ఫలానా కుటుంబం ఏరుకుంటుందనే వాడుక ఉంటుంది. దాన్ని పటంలో పెట్టే ముందు వాళ్ళను అడగాలి. తేనెపట్టు బండలు, వేరుమందుల చోట్లు, దేవతల చోట్లు అయితే అసలు పెట్టకపోవడం మేలు. ఎర్రచందనం చెట్ల సంగతి చెప్పనక్కర్లేదు. చెట్టుకొక బిందువు పెట్టి ఆ ఫైలును వాట్సాప్ గుంపులో వేస్తే దొంగలకు దారి చూపించినట్టే. ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచంలో మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. అలాంటి చెట్లను బీట్ పేరుతో సరిపెట్టండి.

మేము రెండు ఫైళ్ళు ఉంచుతాం. ఒకటి నిధులిచ్చేవారికి, చుట్టుకొలతలు, గళ్ళ లెక్కలు మాత్రమే. రెండోది గ్రామసభది, వాళ్ళ దగ్గరే ఉంటుంది, అచ్చు వేసిన పెద్ద పటంతో సహా. 2006 అటవీ హక్కుల చట్టం కింద సామూహిక హక్కుల దరఖాస్తు పెట్టుకునే ఊళ్ళకు ఆ పటం పనికొచ్చింది. పటం గీసేటప్పుడు ఊరి ఆడవాళ్ళే ముందు నడిచారు. ఫోను పట్టుకున్న కుర్రవాడు వెనక నడిచాడు.

పటాలపిచ్చి

వాలు మీద వాన నీటిని ఆపే కందకాల గీత కూడా ఫోనులోంచే తీస్తామని ఎవరైనా అనబోతే ముందే చెబుతున్నాను, వద్దు. ఉచితంగా దొరికే ఎత్తుల చిత్రానికి ఒక్కో చుక్క 30 మీటర్లు. దాంతో సమోన్నత రేఖలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) గీసి కందకం తవ్వితే నీళ్ళు ఒక కొసకు చేరి గట్టు తెంచుతాయి. దానికి నేల మీదే సమమట్టం చూపే ఏ-ఫ్రేమో (ఏ ఆకారపు కర్రల చట్రం), నీళ్ళ గొట్టమో వాడాలి. తవ్వాక ఎక్కడ తవ్వామో ఫోనులో గీసుకోండి.

వాగువార

మేము అనుకున్నది చెబుతాను, ఏదైనా తేడాగా ఉంటే ఇప్పుడే ఆపండి.

జట్టుకు ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్. పొరలు అయిదు: కైరన్లు, పులికంప తునకలు, గళ్ళ మూలరాళ్ళు, పిట్టలు వాలే పెద్ద చెట్లు, అగ్గి మొదలయ్యే చోట్లు. ఇప్పచెట్ల పొర గ్రామసభలో అడిగాకే. ప్రతి గడి దగ్గరా మూలరాయి మీద నిలబడి ఒకే దిక్కుకు ఏటా అక్టోబరులో ఒక ఫొటో. క్యూజీఐఎస్ ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది, సాయంత్రం ఫైళ్ళు అందులోకి. రేంజి ఆఫీసు నుంచి సరిహద్దు గీత వచ్చింది. మేము ఇన్నాళ్ళూ పెట్టుకున్న గీతకూ దానికీ వాగు దగ్గర తేడా ఉంది. నిధులిచ్చేవారు ఈ ఏడాదికి గళ్ళ లెక్క ఒప్పుకున్నారు, కానీ నాటిన రోజున తునకకు పది ఫొటోలైనా పంపమన్నారు. పంపుతాం.

ఒక్క సందేహం మిగిలింది. పులికంప తునక చుట్టూ నడిచి గీయడం కుదరడం లేదు. లోపలికి దారే లేదు, ఒకవైపు బండలు. ఎలా గీయాలి?

అరకు_చలి

చుట్టూ నడవకండి. దూరిపోగలిగిన వైపు అంచు నడిచి గీయండి, మిగతాది ఉపగ్రహ చిత్రం చూసి తెర మీద వేలితో పూర్తి చేయండి. వివరాల్లో “నడిచినది” లేదా “చూసి గీసినది” అని ఒక ఎంపిక చేర్చుకోండి. తీసేశాక లోపలికి దారి వస్తుంది, అప్పుడు చుట్టూ నడిచి సరిచేసుకోవచ్చు.

రేంజి_పాతకాపు

దట్టమైన పులికంపలో ఎలుగుబంటి పగలు పడుకుంటుంది. ఫోను చూసుకుంటూ అంచు వెంట నడవవద్దు. ఇద్దరు నడవండి, ఒకరు తెర చూస్తే ఒకరు పొద చూడాలి, మాట్లాడుకుంటూ నడవండి.

పటాలపిచ్చి

ఆ అయిదు పొరలతో ఖాళీ ప్రాజెక్టు ఒకటి తయారు చేసి రేపు ఇక్కడే పెడతాను. చెట్ల జాబితా మాత్రం నాకు తెలియదు, మోదుగ గారు పంపితే చేరుస్తాను.

మోదుగ

పంపుతున్నాను. ముప్పైకి మించనివ్వలేదు. చివర “తెలియదు, ఫొటో తీశాను” అనే ఎంపిక ఉంది, దాన్ని తీసేయకండి.